సైకిల్ వచ్చినంత మాత్రాన

ముప్పై అయిదేళ్ళు దాటాక బండి నేర్చుకుంటానని ఇంట్లో చెప్పి చూడండి. "సైకిల్ వచ్చు కదా, ఇంకేముంది, రెండు రోజుల్లో వచ్చేస్తుంది" అనేవాళ్ళే అందరూ. పెదనాన్న అంటాడు, పక్కింటి అంకుల్ అంటాడు, ఇంటర్ చదివే మేనల్లుడు కూడా అంటాడు. ఆ మాటలో సగం నిజముంది. బ్యాలెన్స్ సైకిల్ మీదే వస్తుంది, ఒకసారి వచ్చాక పోదు. చిక్కంతా మిగతా సగంలో ఉంది. సైకిల్‌కి క్లచ్ లేదు, వంద కిలోల బరువు లేదు. పైగా చిన్నప్పుడు సైకిల్ మీద పట్టుబడిన ఒకటి రెండు అలవాట్లు బండి మీద ఎదురు తిరుగుతాయి.

ఈ వయసులో నేర్చుకునేవాళ్ళు తక్కువేం కాదు. రెండు బస్సులు మారి ఆఫీసుకి వెళ్ళి విసిగినవాళ్ళు, స్కూటీ వదిలి గేర్ల బండికి మారదామనుకునే ఆడవాళ్ళు, ఊరికి దూరంగా పోస్టింగు పడ్డ టీచర్లు. పద్దెనిమిదేళ్ళ కుర్రాడికి బండి చెప్పకుండానే ఒంటికి పట్టేస్తుంది. ఎందుకు, ఏమిటి అని అతను అడగడు. పెద్దవాళ్ళకి కారణం తెలిస్తే తప్ప చెయ్యి కదలదు. అది లోపమని నేననుకోను. కారణాలు ఉన్నాయి, అవి అంత కష్టమైనవీ కావు. తెలుసుకుంటే భయం సగం పోతుంది. మిగతా సగం పోకూడనిదే.

ముందు బ్యాలెన్స్ సంగతి. ఆగిన బండికి స్టాండు తీస్తే పడిపోతుంది, నడుస్తున్న బండి పడదు. చక్రాలు తిరుగుతుంటాయి కాబట్టి గైరోస్కోపు సూత్రం ప్రకారం నిలబడుతుందని చాలామంది చెబుతారు. 1970లో డేవిడ్ జోన్స్ అనే బ్రిటిష్ రసాయన శాస్త్రవేత్త దీన్ని తేల్చుకుందామని సైకిల్ ముందు చక్రం పక్కనే, నేలకి తగలకుండా, ఇంకో చక్రం బిగించాడు. దాన్ని వెనక్కి తిప్పితే ముందు చక్రపు గైరోస్కోపు ప్రభావం చెల్లుకు చెల్లయిపోతుంది. ఇక ఎక్కగానే పడిపోవాలి. పడలేదు, ఇబ్బంది లేకుండానే నడిచింది. 2011లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్, అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు మరో మెట్టు పైకి వెళ్ళారు. గైరోస్కోపు ప్రభావమూ, ముందు టైరు స్టీరింగ్ ఇరుసు గీతకి కాస్త వెనక నేలని తాకడం వల్ల వచ్చే ప్రభావమూ రెండూ లేని చిన్న సైకిల్ చట్రం తయారుచేసి, మనిషి లేకుండా తోసి వదిలారు. అది తనంతట తానే నిలదొక్కుకుంది. సైకిల్ కదలికకి కేంబ్రిడ్జిలో విపుల్ అనే ఆయన సమీకరణాలు రాసింది 1899లో. నూట పన్నెండేళ్ళ తర్వాత కూడా అందులో తేల్చాల్సినవి మిగిలే ఉన్నాయన్నమాట.

గైరోస్కోపు పాత్ర అసలే లేదని కాదు, అదొక్కటే కాదని. అసలు కిటుకు వేరే ఉంది. పొడుగు కర్రని అరచేతి మీద నిలబెట్టే ఆట అందరం ఆడిందే. కర్ర ఎటు ఒరిగితే చెయ్యి అటు జరపాలి, అడుగుభాగాన్ని పై బరువు కిందకి తేవాలి. బండి చేసేదీ అదే. కుడికి ఒరిగితే ముందు చక్రం కుడికి తిరుగుతుంది, టైర్లు కుడికి జరిగి బరువు కిందకి వస్తాయి. ఓ మాదిరి వేగంలో ఈ పనిలో ఎక్కువ భాగం బండే చూసుకుంటుంది. హ్యాండిల్‌ని బిగించి పట్టుకున్న కొత్తవాళ్ళు ఆ పనికి అడ్డుపడుతున్నారు. మోచేతులు కాస్త వదులుగా ఉంచమనేది అందుకే.

వేగం తగ్గితే లెక్క మారుతుంది. హ్యాండిల్ ఒకే కోణంలో తిప్పినా, బండిని మళ్ళీ నిలబెట్టే బలం వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. గంటకి 50 కిలోమీటర్ల వేగంలో ఉన్న బలంలో 5 కిలోమీటర్ల దగ్గర మిగిలేది నూరో వంతు. అందుకే ట్రాఫిక్‌లో పాకుతున్నప్పుడు హ్యాండిల్‌ని అంతలేసి తిప్పాల్సి వస్తుంది, కాళ్ళు రెండూ కిందపెట్టి నడిపించేవాళ్ళు కనిపిస్తారు. బండి కష్టమంతా నిదానంలో ఉంది. వేగంగా, తిన్నగా పోవడం ఎవరైనా చేస్తారు.

ఆర్టీవో ఆఫీసులో 8 వేయించడంలో అర్థం ఇదే. ఎల్‌ఎల్‌ఆర్, అంటే లెర్నర్ లైసెన్స్, వచ్చిన 30 రోజుల తర్వాత, ఆరు నెలలు నిండేలోపు ఆ పరీక్షకి వెళ్ళాలి. మా వైపు పెద్దవాళ్ళు ఇప్పటికీ బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అని పిలిచే అధికారి ఒక పక్కన నిలబడతాడు, నేల మీద 8 అంకె గీసి ఉంటుంది, కాలు కింద పెట్టకుండా తిప్పాలి. కాస్త వేగం పెంచితే గీత దాటిపోతుంది. తగ్గిస్తే కాలు కింద పడుతుంది. ఈ రెండింటి మధ్య ఇరుకు సందులో బండిని నిలపడానికి మూడు పనులు కలవాలి. యాక్సిలరేటర్ ఒకే తీరులో స్వల్పంగా తిప్పి ఉంచాలి, క్లచ్ సగం పట్టి వేగాన్ని దాంతోనే సరిచూసుకోవాలి, వెనక బ్రేకు మీద పాదం ఆనీ ఆనకుండా ఉంచాలి. ఇంజన్ లాగుతుంటే వెనక బ్రేకు పట్టి ఉంచుతుంది, బండి కుదుపు లేకుండా సాగుతుంది. ముందు బ్రేకు జోలికి మాత్రం ఇక్కడ పోకూడదు. హ్యాండిల్ పూర్తిగా తిరిగి ఉన్నప్పుడు దాన్ని నొక్కితే బండి ఉన్నచోటే పక్కకి వాలుతుంది. నడిపేవాళ్ళు బండితో పాటు లోపలికి వంగనక్కర్లేదు. ఇంత నిదానంలో బండి ఒరిగినా మనిషి నిటారుగా, ఇంకా వీలైతే కాస్త బయటివైపుకి కూర్చోవాలి.

ఇంకొకటి చూపు. గీతని చూస్తూ నడిపితే గీత మీదకే వెళుతుంది. మెడ తిప్పి 8 రెండో సున్నా చివరని చూడాలి. 1994లో మైకేల్ ల్యాండ్, డేవిడ్ లీ అనే పరిశోధకులు ఎడిన్‌బరోలో వంపుల రోడ్డు మీద కారు నడిపేవారి కంటిచూపు ఎక్కడెక్కడ నిలుస్తుందో కొలిచారు. మలుపు రాకముందే చూపు వంపు లోపలి అంచు మీదకి చేరుతోందనీ, స్టీరింగ్ ఆ చూపుని అనుసరిస్తోందనీ తేలింది. గుంటని తప్పించాలని గుంటనే చూస్తూ అందులోనే దింపేవాళ్ళని రోజూ చూస్తూనే ఉంటాం. ఖాళీగా ఉన్నచోటుని చూడాలి.

క్లచ్ దగ్గరే పెద్దవాళ్ళకి ఓపిక పోతుంది. నిరుడు వేసవిలో మా కాలనీ వెనక గ్రౌండులో ఒక టీచరమ్మ పొద్దున్నే నేర్చుకునేవారు. నేర్పేది తమ్ముడు. వంద సీసీ బండి, ట్యాంకు మీద పాత దుప్పటి కప్పి ఉండేది, పడితే గీతలు పడకుండా. మొదటి గేరు వేస్తారు, యాక్సిలరేటర్ ఇస్తారు, బండి ఒక్క గెంతు గెంతి ఆగిపోతుంది.

"అక్కా, క్లచ్ ఒక్కసారిగా వదలకు."

"నేను వదలట్లేదురా, అదే జారిపోతోంది."

తమ్ముడు చివరికి ఒక మంచి పని చేశాడు. యాక్సిలరేటర్ ముట్టుకోవద్దన్నాడు. "ఉత్త క్లచ్ తోనే కదిలించు. ఇంజన్ చప్పుడు విను. బరువెక్కినట్టు ఎక్కడ మారుతుందో అక్కడ వేళ్ళు ఆపెయ్." ఆవిడ నాలుగు వేళ్ళూ లివరు మీద, బొటనవేలు హ్యాండిల్ కింద. లివరు బయటికి వస్తుంటే ముందు ఏమీ జరగదు. సగం దాటాక చప్పుడు కాస్త దిగుతుంది, హ్యాండిల్‌లో సన్నగా వణుకు మొదలవుతుంది, ముందు చక్రం కింద కంకర కరకరమంటుంది. వేళ్ళు అక్కడ ఆగాయి. బండి మనిషి నడిచేంత నెమ్మదిగా సాగింది. ఆవిడ కాళ్ళు రెండూ గాల్లోకి లేచాయి, నోరు మాత్రం "ఆపు ఆపు" అంటూనే ఉంది.

ఆ అంగుళం కంటే తక్కువ చోటులో ఏం జరిగిందో చూడాలి. ఊరికే ఆన్ చేసి ఉంచిన ఇంజన్ నిమిషానికి 1,400 సార్ల చొప్పున తిరుగుతుంది, అంతకంటే బాగా తగ్గితే ఆగిపోతుంది. ఆగి ఉన్న బండి వెనక చక్రం తిరిగేది సున్నా. ఈ రెండింటినీ ఉన్నపళంగా కలిపితే ఒకటి ఇంకొకదాన్ని లొంగదీసుకోవాలి. అయితే బండి గెంతుతుంది, లేదా ఇంజన్ ఆగుతుంది. క్లచ్ లోపల పలచటి పళ్ళాల దొంతర ఉంటుంది. ఇంజన్ వైపువి కొన్ని, గేర్ల వైపువి కొన్ని, ఒకటి విడిచి ఒకటి. స్ప్రింగులు వాటిని అదిమి పడతాయి, లివరు నొక్కితే ఆ అదుము వదులవుతుంది. హాఫ్ క్లచ్ అంటే పళ్ళాలు ఒకదాని మీద ఒకటి జారుతూ, రాసుకుంటూ, చక్రాన్ని కొంచెం కొంచెంగా ఇంజన్ వేగానికి తెచ్చే దశ. మన బళ్ళలో చాలావాటికి ఈ పళ్ళాలు ఇంజనాయిల్‌లోనే మునిగి ఉంటాయి కాబట్టి ఆ రాపిడి వేడిని కాసేపు ఓర్చుకుంటాయి. 8 వేసేటప్పుడు, ట్రాఫిక్‌లో పాకేటప్పుడు హాఫ్ క్లచ్ పట్టినందుకు బండి పాడైపోదు. ఫ్లైఓవర్ ఎక్కే వాలులో సిగ్నల్ పడితే, బ్రేకు పట్టకుండా క్లచ్ తోనే నిలబెట్టే వాళ్ళ బండికే పళ్ళాలు త్వరగా అరుగుతాయి.

గేర్ల వరస గురించి ఎక్కువ చెప్పను. ఇప్పుడు చాలా బళ్ళలో మొదటిది కిందికి, మిగతావి పైకి. కొన్నింటిలో అన్నీ ఒకే వైపుకి. కొనే బండి మీదే నేర్చుకుంటే పాదం తికమక పడదు.

ఇక బండి ఎలా మలుగుతుంది? ఎడమకి తిరగాలంటే హ్యాండిల్ ఎడమకి తిప్పాలి అంటారు ఎవరైనా. ఈ జవాబు తప్పు. విమానం కనిపెట్టిన రైట్ సోదరులు అంతకుముందు సైకిళ్ళు తయారుచేసి అమ్మేవారని తెలిసిందే. వాళ్ళలో విల్బర్ రైట్ సైకిల్ తొక్కేవాళ్ళని పదుల సంఖ్యలో అడిగి చూశాడు, ఎడమకి ఎలా తిరుగుతారని. ఎడమకి పోవడానికి ముందు హ్యాండిల్ ఒక్క క్షణం కుడికి తిరుగుతుందని అడగ్గానే ఒక్కరూ చెప్పలేదట. వాళ్ళంతా రోజూ చేస్తున్న పనే అది.

కారణం బరువులో ఉంది. మలుపులో బండి లోపలికి వంగి ఉండకపోతే బయటికి పడిపోతుంది. ఎడమకి వంగాలంటే టైర్లు బరువు కిందనుంచి కాస్త కుడికి జరగాలి. హ్యాండిల్‌ని లిప్తపాటు కుడికి తిప్పితే ముందు టైరు కుడికి జరుగుతుంది, బండి ఎడమకి వాలుతుంది. వాలగానే ముందు చక్రం తనంతట తానే ఎడమకి తిరిగి మలుపులోకి వెళుతుంది. చేతికి తెలిసేదల్లా ఇది: ఎడమకి పోవాలంటే ఎడమ గ్రిప్పుని ముందుకి నెట్టాలి, కుడికి పోవాలంటే కుడి గ్రిప్పుని. నడక వేగం దాటిన దగ్గర్నుంచి బండి తిరిగేది ఇలాగే. అర టన్ను బండైనా అంతే, పిల్లల సైకిలైనా అంతే.

మరి తెలియకుండానే అందరూ చేస్తుంటే చెప్పుకోవడం దేనికి? మామూలు మలుపుల్లో అక్కర్లేదు. ఎదురుగా కుక్క అడ్డొచ్చినప్పుడు కావాలి. కంగారులో మెదడు తనకి తెలిసిన తప్పు సిద్ధాంతాన్నే అమలుచేస్తుంది. కుడికి తప్పించుకోవాలని హ్యాండిల్‌ని కుడికి గట్టిగా లాగితే బండి ఎడమకి, అంటే సరిగ్గా కుక్క మీదకి వాలుతుంది. ఖాళీ రోడ్డు మీద 30 కిలోమీటర్ల వేగంలో కుడి అరచేతితో సన్నగా నెట్టి చూడండి. బండి ఎంత చురుగ్గా కుడికి వాలుతుందో చూశాక ఆ సంగతి మరిచిపోవడం కష్టం. తలతో తెలుసుకున్నదాన్ని ఒంటికి పట్టించడానికి ఎంత సాధన కావాలో చెప్పే ఉదాహరణ ఒకటుంది. అమెరికా ఇంజనీరు డెస్టిన్ శాండ్లిన్ హ్యాండిల్ కుడికి తిప్పితే చక్రం ఎడమకి తిరిగే సైకిల్ మీద పట్టు సాధించడానికి రోజూ కాసేపు తొక్కుతూ ఎనిమిది నెలలు తీసుకున్నాడు. చిన్నవాడైన అతని కొడుక్కి రెండు వారాలు సరిపోయింది. సూత్రం తండ్రికి మొదటి రోజే తెలుసు.

ఎంత వంగాలనేదీ వేగం వర్గమే చెబుతుంది. 25 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపుని 40 కిలోమీటర్ల వేగంలో తీసుకుంటే బండి సుమారు 27 డిగ్రీలు వంగాలి. 50 లో అయితే 38. 60 లో 48 దాటుతుంది, మామూలు టైరు అక్కడ పట్టు వదిలేస్తుంది. శ్రీశైలం ఘాట్‌లోనో అరకు దారిలోనో కొత్తవాళ్ళు చేసే పొరపాటు మలుపు మధ్యలోకి వెళ్ళాక వేగం ఎక్కువైందని తెలుసుకోవడం. అప్పుడు బ్రేకు గట్టిగా పడితే టైరుకి ఉన్న పట్టంతా వంపుకే ఖర్చవుతుంటుంది, బ్రేకుకి మిగలదు. మలుపుకి ముందే, బండి నిటారుగా ఉన్నప్పుడే వేగం తగ్గించి గేరు దించాలి. దిగేటప్పుడు కూడా ఎక్కిన గేరులోనే దిగితే ఇంజన్ సగం బ్రేకు పని చేస్తుంది.

బ్రేకుల సంగతి కాస్త నిదానంగా చెప్పుకోవాలి. ఎందుకంటే మన ఊళ్ళలో తరతరాలుగా నేర్పే తప్పు పాఠం ఒకటి ఇక్కడుంది. "ముందు బ్రేకు పట్టకు, పల్టీ కొడతావు." సైకిల్‌కి ఈ మాట నిజమే. సైకిల్ పొట్టిది, తొక్కేవాడి బరువంతా ఎత్తున ఉంటుంది, కాబట్టి ముందు బ్రేకు పీకితే నిజంగానే తిరగబడుతుంది. మోటార్ సైకిల్ పొడుగు ఎక్కువ, ఇంజన్ బరువు కింద ఉంటుంది. పొడి రోడ్డు మీద కూడా తిరగబడడం కంటే ముందు టైరు జారడమే దీనికి ఎక్కువ. ఆ జారుడు రాకుండా పట్టడం నేర్చుకోగలిగిన పనే.

బ్రేకు పట్టగానే బరువు ముందుకి తూగుతుంది. ఫోర్కు కిందికి దిగుతుంది, నడిపేవాళ్ళ భారం చేతుల మీద పడుతుంది. గట్టిగా ఆపే క్షణంలో మొత్తం బరువులో దాదాపు అయిదింట నాలుగు వంతులు ముందు చక్రం మీదే ఉంటుంది. వెనక చక్రం మీద మిగిలింది ఎంతని? దాన్ని ఎంత తొక్కినా అది కీచుమని జారుతుందే గానీ బండిని ఆపదు. పొడి తారురోడ్డు, మంచి టైర్లు అనుకుని లెక్క వేస్తే, 60 కిలోమీటర్ల వేగంలో రెండు బ్రేకులూ సరిగా పడితే బండి 20 మీటర్లలో ఆగుతుంది. వెనకది ఒక్కటే అయితే దాదాపు 50 మీటర్లు కావాలి. దీనికి ముందు ప్రమాదాన్ని చూసి చెయ్యి కదలడానికి పట్టే సెకను కలపాలి, ఆ సెకనులో బండి 17 మీటర్లు పోతుంది. అంటే అంతా బాగుంటే 37 మీటర్లు. అదే 40 లో 20 మీటర్లు, 80 లో 58 మీటర్లు. వేగం రెట్టింపైతే దూరం మూడు రెట్లకు చేరువైంది.

ముందు బ్రేకుని పీకకూడదు, పిండాలి. మొదటి అర సెకను సుతారంగా, బరువు ముందు టైరు మీదకి చేరేదాకా. చేరాక టైరు నేలని గట్టిగా పట్టుకుంటుంది, అప్పుడు ఇంకా నొక్కొచ్చు. బరువు చేరకముందే పీకితే తేలికగా ఉన్న టైరు ఆగిపోయి జారుతుంది. పల్టీ కథలు చాలావాటి వెనక ఉన్నది ఆ తొందరే. 2019 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో అమ్మే 125 సీసీ దాటిన బళ్ళన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి. చక్రం ఆగిపోబోతోందని పసిగట్టి అది బ్రేకుని సెకనుకి పలుమార్లు వదిలి పడుతుంది, లివరు వేలి కింద కొట్టుకుంటున్నట్టు తెలుస్తుంది. అంతకంటే చిన్న బళ్ళకి సీబీఎస్ ఉంటుంది, ఒక బ్రేకు నొక్కితే రెండోది కూడా కొంత పడేలా. ఏబీఎస్ ముందు చక్రానికి మాత్రమే ఉన్న బళ్ళు చాలా ఉన్నాయి, కొనేటప్పుడు అడగాలి.

అమెరికాలో 1981లో వెలువడ్డ ఒక నివేదిక గురించి ఇక్కడ చెప్పాలి. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి హ్యారీ హర్ట్ బృందం లాస్ ఏంజెలస్ ప్రాంతంలో 900 మోటార్ సైకిల్ ప్రమాదాలు జరిగిన చోటికే వెళ్ళి పరిశీలించింది. ఆ బళ్ళు నడిపినవాళ్ళలో 92 శాతం మంది సొంతంగానో, ఇంట్లోవాళ్ళ దగ్గరో, స్నేహితుల దగ్గరో నేర్చుకున్నవాళ్ళు. ప్రమాదం ఎదురైనప్పుడు ఎక్కువమంది వెనక బ్రేకు తొక్కేసి జారారు, ముందు బ్రేకు చాలినంత పట్టలేదు. గ్రిప్పు నెట్టి పక్కకి తప్పుకోవడం దాదాపు ఎవరికీ చేతకాలేదు. ప్రమాదం మొదలైన దగ్గర్నుంచి గుద్దుకునేదాకా వాళ్ళకి దొరికిన వ్యవధి రెండు సెకన్ల కంటే తక్కువ. అప్పటి వేగాల్లో మధ్యస్థం గంటకి 48 కిలోమీటర్లే. ఆ నివేదిక నలభై ఏళ్ళు దాటింది, దేశం వేరు, బళ్ళు వేరు. అయినా తమ్ముడో బావమరిదో నేర్పగా బండి నేర్చుకునే మనకి అది అద్దంలా కనిపిస్తుంది.

కాబట్టి నేర్చుకునే వారాల్లో కనీసం కొన్ని పొద్దుపూటలు బ్రేకుకే కేటాయించాలి. ఖాళీగా, పొడిగా, ఇసుక లేకుండా ఉన్న తారు నేల మీద 20 లో వెళ్ళి ఆపాలి. అది సాఫీగా వచ్చాక 30, తర్వాత 40. చూపు దూరంగా, హ్యాండిల్ తిన్నగా. నేర్పేవాళ్ళలో దీన్ని పట్టించుకునేవాళ్ళని నేను పెద్దగా చూడలేదు. బండి కదిలితే చాలు, వచ్చేసిందనుకుంటారు.

ఈ లెక్కలన్నీ పొడి తారుకి. మన రోడ్లు ఎప్పుడూ అలా ఉండవు. డివైడరు పక్కన ఇసుక చేరుతుంది, సరిగ్గా యూ టర్న్ తీసుకునే చోట. కోతల కాలంలో ఊరి రోడ్ల మీద సగం వెడల్పున వడ్లు ఆరబోస్తారు, టైరు కింద గింజలు దొర్లుతాయి. దమ్ము చేసి వచ్చిన ట్రాక్టరు చక్రాల నుంచి బురద పెళ్ళలు రోడ్డంతా పడతాయి. తొలకరి చినుకులకి రోడ్డు మీది ఆయిలూ దుమ్మూ కలిసి జారుడు పూత అవుతుంది. బాగా వాన కురిసి కడిగేశాక కంటే ఆ మొదటి పావుగంటే ప్రమాదం. జీబ్రా గీతల రంగు, మ్యాన్‌హోల్ మూతలు కూడా తడిస్తే అంతే. వీటన్నిటికీ విధానం ఒకటే: మీదకి రాకముందే వేగం తగ్గించి, అక్కడ బండిని నిటారుగా, బ్రేకు లేకుండా, హ్యాండిల్ తిప్పకుండా పోనివ్వడం.

ఎదుటివాళ్ళ సంగతి. హర్ట్ నివేదికలో ఇంకో వాహనంతో జరిగిన ప్రమాదాల్లో మూడింట రెండు వంతుల్లో తప్పు ఆ వాహనానిది, అందులోనూ ఎదురుగా వచ్చి అడ్డంగా మలుపు తిరిగే కారుది ముఖ్యమైన పాత్ర. అక్కడ బళ్ళు కుడివైపు నడుస్తాయి కాబట్టి అది ఎడమ మలుపు, మనకి కుడి మలుపు, యూ టర్న్. డ్రైవరు చూడలేదని అంటాడు, చాలాసార్లు నిజమే చెబుతాడు. చూసినా తప్పు అంచనా వేస్తాడు. ఒకే సమయానికి చేరబోయే రెండు వస్తువుల్లో చిన్నది ఆలస్యంగా వస్తుందని కంటికి తోస్తుంది. లారీ వస్తుంటే ఆగే డ్రైవరే బైకు వస్తుంటే పట్టేస్తుందిలే అని తిప్పేస్తాడు. 2017 ఏప్రిల్ నుంచి కొత్త ద్విచక్ర వాహనాలన్నిటికీ ఇంజన్ ఆన్ చేయగానే హెడ్‌లైటు వెలిగేలా చేసింది ఇందుకే. పగలు లైటు వెలుగుతోందని వేళ్ళు ముడిచి విప్పుతూ సైగ చేసే మంచివాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, వాళ్ళకి తల ఊపి ముందుకి పోవడమే.

హెల్మెట్ గురించి నీతి చెప్పను, లెక్క చెబుతాను. ఆగి ఉన్న బండి మీద నుంచి పక్కకి పడినా తల 1.8 మీటర్ల ఎత్తు నుంచి నేలకి చేరితే ఆ వేగం గంటకి 21 కిలోమీటర్లు. వీధి చివరి కిరాణా కొట్టుకి వెళ్ళినా ఈ ఎత్తు మారదు. ఉత్త తల మూడు మిల్లీమీటర్లలో ఆగిందనుకుంటే మెదడు మీద పడే తాకిడి భూమ్యాకర్షణకి 600 రెట్లు. హెల్మెట్ లోపలి తెల్లటి నురగ పొర మూడు సెంటీమీటర్లు నలిగితే అది 60 రెట్లకు దిగుతుంది. హెల్మెట్ చేసే పనంతా ఆ నలగడమే. అందుకే నురగ పొర లేని ఫుట్‌పాత్ టోపీలు పోలీసుకి చూపించడానికే పనికొస్తాయి, ఒకసారి గట్టిగా తగిలిన హెల్మెట్ బయటికి బాగున్నా మార్చాలి, గడ్డం కింద పట్టీ బిగించనిది పడకముందే ఎగిరిపోతుంది. లారెన్స్ ఆఫ్ అరేబియాగా పేరుపడ్డ టి.ఇ. లారెన్స్ 1935లో మోటార్ సైకిల్ మీద నుంచి పడి తలకి దెబ్బ తగిలి చనిపోయాడు. అతన్ని చూసిన వైద్యుల్లో ఒకరైన హ్యూ కేర్న్స్ ఆ తర్వాత సైన్యంలో బళ్ళు నడిపేవారి తల గాయాల మీద పరిశోధన మొదలుపెట్టి, 1941లో హెల్మెట్ల గురించి తొలి శాస్త్రీయ వ్యాసం ప్రచురించాడు. మన దేశంలో 2022లో హెల్మెట్ లేక చనిపోయినవారు 50,029 మంది అని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్ళు.

ఏ బండి కొనాలన్న ప్రశ్నకి కొత్తవాళ్ళకి నా సమాధానం బరువు. స్ప్లెండర్ 112 కిలోలు, క్లాసిక్ 350 అయితే 195. నడుస్తున్నప్పుడు ఆ తేడా పెద్దగా తెలియదు. సిగ్నల్ దగ్గర ఆగి, గుంటలో కాలు ఆనక బండి ఒరిగినప్పుడు తెలుస్తుంది. సుమారు లెక్కలో 195 కిలోల బండి 10 డిగ్రీలు ఒరిగితే హ్యాండిల్ దగ్గర 17 కిలోల బలంతో ఆపొచ్చు. 30 డిగ్రీలు ఒరిగాక 50 కిలోలు కావాలి. మొదటి ఏడాది బండిని ఏదో ఒక రోజు పడేయడం ఖాయం కాబట్టి లేపగలిగిన బరువుదే కొనడం మేలు. పొట్టిగా ఉన్నవాళ్ళు సీటు ఎత్తు చూసుకోవాలి. రెండు మడమలూ పూర్తిగా ఆనకపోయినా పర్వాలేదు, రెండు మునివేళ్ళో, ఒక పాదం మొత్తమో ఆనితే చాలు.

డబుల్స్ మాత్రం తొందరగా వద్దు. లైసెన్స్ రాగానే ఇంటిల్లిపాదీ ఎక్కడానికి సిద్ధంగా ఉంటారు. వెనక అరవై కిలోల మనిషి కూర్చుంటే ముందు చక్రం తేలికవుతుంది, నిదానంలో హ్యాండిల్ ఊగుతుంది, ఆగడానికి దూరం పడుతుంది. వెనక టైరులో గాలి ఎంత పెంచాలో మాన్యువల్‌లో ఉంటుంది. చీర కట్టుకుని ఒక పక్కకి కూర్చునేవాళ్ళయితే భారమంతా ఒక వైపుకే తూగుతుంది, కొంగూ చున్నీ చక్రానికి దూరంగా దోపుకోవాలి, శారీ గార్డు విప్పేసిన బండి మీద అసలు ఎక్కించకూడదు. వాళ్ళకి ఎక్కకముందే రెండు మాటలు చెప్పాలి: మలుపులో బండి వంగితే భయపడి ఎదురు వైపుకి వంగొద్దని, ఆగాక చెప్పేదాకా దిగొద్దని.